మఱచినవాని సమ్మతి

ఒకనికి మేలు చేయబూనినప్పుడు వాని అనుమతి కావలెనా? దారిన పోవువాడు తెలియక బావిలో పడబోవుచున్నచో వానిని అడిగి పట్టుకొనువారుండరు. చేయి పట్టి వెనుకకు లాగుదురు, మాటలు తరువాత. కాని రోగికి మందిచ్చుట బావిగట్టున చేయి పట్టుట వంటిది కాదు. మందు శరీరమున ప్రవేశించును. కొన్ని మందులు మనస్సునందే ప్రవేశించును. ప్రవేశించి నెలలకొలది, ఏండ్లకొలది అచట నిలుచును. ఆ శరీరమునకు, ఆ మనస్సునకు యజమానియైనవాని మాట లేకుండ అట్టి దానిని లోనికి పంపుట న్యాయమా?

యజమాని తెలివిగలవాడైనచో జవాబు కష్టము కాదు. అతనికి విషయము చెప్పవలెను, అతడు ఔనన్న ఇయ్యవలెను, కాదన్న మానవలెను. బుద్ధి సడలినవాని విషయముననే చిక్కు కలుగుచున్నది. ఉదయము భుజించినది సాయంకాలమునకు జ్ఞాపకముండదు. కన్నకొడుకును చూచి తమ్ముడనుకొనును. అట్టివానిని “ఈ మాత్ర వేసికొందురా?” అని అడుగుటలో అర్థమేమని లోకులు తలపోయుట సహజమే.

భగవద్గీత ఆరంభమున అర్జునుని స్థితిని స్మరింపుడు. అతడు నిలువలేకున్నాడు, విల్లు పట్టలేకున్నాడు, ఏది కర్తవ్యమో ఎఱుగకున్నాడు. నేటి వైద్యుడెవరైన చూచినచో ఈతడు నిర్ణయము చేయదగిన స్థితిలో లేడని కాగితముపై వ్రాసియుండును. సారథి సర్వజ్ఞుడు, పగ్గములు ఆయన చేతనే యున్నవి. నీ మేలు నేనెఱుగుదునని రథమును ముందునకు తోలుటకు అడ్డేమి? ఆయన అట్లు చేయలేదు. పదునెనిమిది అధ్యాయముల పర్యంతము బోధించెను. అడిగిన ప్రశ్నకెల్ల సమాధానమిచ్చెను. తుదకు బాగుగ విచారించుకొని నిశ్చయించుకొమ్మని నిర్ణయమును అర్జునునికే విడిచెను. అంతటితో ఊరకొనక, చెప్పినది శ్రద్ధగ విన్నావా, భ్రాంతి తొలగినదా అనియు విచారించెను. నేటి వైద్యనీతి “ఎఱుకతో కూడిన సమ్మతి” అని దేనిని పిలుచుచున్నదో అది సమస్తము ఇందు కలదు. ఆ పేరు న్యాయస్థానపు తీర్పులలోనికి వచ్చినది మాత్రము 1957లో, కాలిఫోర్నియాలోని ఒక వ్యాజ్యమున. గీతయందు మఱియొక విశేషము గమనింపదగినది. బుద్ధి చలించినదను నెపమున శ్రీకృష్ణుడు నిర్ణయాధికారమును లాగికొనలేదు. చలించిన బుద్ధిని నిలువబెట్టుటకు పాటుపడెను.

ఈ ప్రశ్న గ్రంథములను విడిచి ఇండ్లలోనికి వచ్చి చాల దినములైనది. భిలాయి ఉక్కునగరమును తలచుకొన్న చాలును. అచటి కర్మాగారమునకు సోవియట్ దేశముతో ఒడంబడిక 1955లో జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. దల్లీ రాజహరా గనుల ఇనుపరాయి అచట కరగి పట్టాలుగ మాఱి దేశమంతట పరచుకొన్నది. నాడు మధ్యప్రదేశమున నుండిన ఆ ఊరు 2000 సంవత్సరము నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందినది. విజయనగరము నుండి రాయపూరునకు పోవు రైలుమార్గమున ఉత్తరాంధ్ర పల్లెల యువకులు అనేకులు వచ్చి కర్మాగారమున కుదురుకొనిరి. క్వార్టర్లలో సంసారములు వెలసినవి; సెక్టార్ 5లో బాలాజీ మందిరము వెలసినది. పనిచోట హిందీ, ఇంట తెలుగు. మొదటి కొలిమి వెలిగిన నాటికి ఇరువదియేండ్ల ప్రాయమున నున్నవారు నేడు ఎనుబదియైదు దాటిరి. తరువాతి విస్తరణలలో చేరినవారిలోను పలువురు డెబ్బదికి చేరిరి. పిల్లలను చదివించుటయందు ఆ ఊరికి గొప్ప పేరు కలదు. ఆ చదువులే పిల్లలను బెంగుళూరునకు, హైదరాబాదునకు, అమెరికాకు కొనిపోయి ఇండ్లను ఖాళీ చేసినవి.

అట్టి ఇంట ఒక వృద్ధుని ఊహింపుడు. ముప్పదియైదేండ్లు కొలిమివద్ద మూడు షిఫ్టులలోను పనిచేసినవాడు. ఇప్పుడు రాత్రి తొమ్మిది కాగానే లేచి చొక్కా తొడుగుకొనును, టిఫిన్ డబ్బా అడుగును, సైకిలు ఎక్కడనును, డ్యూటీకి వేళయినదనును. తలుపునకు తాళముండును. తాళము చూడగానే కోపము వచ్చును, తలుపు బాదును, “ఏమండీ, ఈ వేళప్పుడు ఎక్కడికండీ!” అని అడ్డము వచ్చిన భార్యను త్రోసివేయును. పగలు నిద్ర, రాత్రి జాగరము. కొన్ని నెలలకు ఆమె మంచము పట్టును. కొడుకు విమానమున వచ్చి, నాలుగు దినములుండి, తండ్రిని వృద్ధులను చూచుకొను ఒక నిలయమున చేర్చి వెడలును. అచటను రాత్రి తొమ్మిదికి అదే డ్యూటీ. ఇరువదిమంది వృద్ధులకు రాత్రివేళ ఇద్దరు ఆయాలు. కొన్నాళ్లకు ఒక మాత్ర మొదలగును. వృద్ధుడు కుర్చీలో కూర్చుండి యుండును. “నాన్నగారు ఎట్లున్నారు?” అని ఫోనులో కొడుకు అడిగినచో “చాల శాంతముగ నున్నారు” అని జవాబు వచ్చును.

శాంతము అను మాట ఆధ్యాత్మిక గ్రంథములు చదువువారికి మిక్కిలి ప్రియమైనది. కావుననే దానిని ఇచట కొంచెము ఆగి పరీక్షింపవలెను. మనస్సు తన అలజడిని తాను దాటి పొందునది శాంతము. మందుచే కాళ్లు బరువెక్కి, నాలుక తడబడి, కన్నులు మూతలు పడుటయు బయటికి శాంతమువలెనే కనబడును. అది వృద్ధుని శాంతమా, వరండాలో నిద్రపోగలిగిన ఆయాల శాంతమా, దూరముననున్న కొడుకు మనస్సునకు కలిగిన శాంతమా?

డిమెన్షియా అనునది ఒక్క వ్యాధి పేరు కాదు. జ్ఞాపకమును, తెలివిని, దైనందిన కార్యసామర్థ్యమును క్రమముగ హరించు అనేక వ్యాధుల ఉమ్మడి పేరు. అందు ప్రధానమైన దానిని 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ వర్ణించెను. మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి, ఇది కలదని 2023లో ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. మఱపుతో పాటు తిరుగుట, అఱచుట, అనుమానించుట, లేనివారిని చూచుట మొదలగునవి కలుగవచ్చును. వీనిని అణచుటకు ఇచ్చు హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ అను మందులు ఈ వ్యాధికొఱకు పుట్టినవి కావు. 1952లో క్లోర్‌ప్రోమజైన్‌తో ప్రారంభమైన ఈ వర్గము ఉన్మాదరోగములకు ఉద్దేశింపబడినది. ముసలితనమున, మెదడు క్షీణించుచున్న వేళ, అవి వేఱు విధముగ పనిచేయును. నడక తడబడి వృద్ధులు పడిపోవుదురు. మ్రింగుట కష్టమై ఊపిరితిత్తులు చెడును. పక్షవాతపు భయము పెరుగును. డిమెన్షియాలోనే లూయీ బాడీ అను ఒక భేదము కలదు. ఆ రోగులకు ఈ మందులు కొలది మోతాదులోనే తీవ్రమైన అపకారము చేయగలవు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో 17 పరీక్షల ఫలితములను కలిపి చూచినది. సుమారు పది వారముల కాలములో ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారిలో నూటికి 2.6 మంది మరణింపగా, ఈ వర్గపు కొత్త మందులు తీసికొన్నవారిలో 4.5 మంది మరణించిరి. నాటి నుండి ఆ మందుల పత్రముపై నల్లని గీతల చట్రములో హెచ్చరిక ముద్రింపబడుచున్నది. 2008లో పాత మందులకును అది విస్తరించినది. బ్రిటను ప్రభుత్వమునకు 2009లో సమర్పింపబడిన నివేదిక మఱింత స్పష్టముగ లెక్క చెప్పినది. ఆ దేశమున డిమెన్షియా రోగులలో ఏటేట 1,80,000 మందికి ఈ మందులు ఇచ్చుచుండిరి. అందు ఉపకారము పొందినవారు ఎక్కువలో ఎక్కువ 36,000 మంది. వీనివలన అదనముగ కలుగు మరణములు ఏటికి సుమారు 1,800. కొడుకు ఫోనులో “సరే” అన్నప్పుడు ఈ సంఖ్యలు అతనికి ఎవరైన చెప్పియుండిరా? చెప్పనిచో ఆ “సరే” వృద్ధుని సమ్మతి కాదు సరికదా, కొడుకు సమ్మతియు కాదు.

ఇంతమాత్రమున ఆయాలను, కొడుకును దోషులుగ నిలబెట్టుట సులభమైన పని. న్యాయమైన పని కాదు. రాత్రులు వరుసగ నిద్రలేక గడిపినవారికే ఆ కష్టము తెలియును. మనయిండ్లలో ఆ భారము ప్రాయికముగ ఒక భార్యమీదనో, ఒక కోడలిమీదనో పడును. వారి గోడు వినువారు అరుదు. ఆమె చేతులు జోడించి “డాక్టరుగారూ, ఈ ఒక్క రాత్రి వారు పడుకొనునట్లు ఏదైన ఇండు” అని వేడుకొన్నచో అందు పాపము లేదు. అయితే ఆ మాత్ర ఎవరి వ్యాధికి ఔషధమో నిజము చెప్పుకొనవలెను. ఆమె అలసటకు ఔషధము మఱియొక మనిషి సాయము. అది దొరకనపుడు, ఆ కొఱతకు వైద్యమును వృద్ధుని నోట వేయుచున్నాము. పాశ్చాత్య దేశములలో నర్సింగ్ హోమ్ అనగా వృద్ధులు శేషజీవితము గడుపు నివాసము. మన దేశమున ఆ పేరు చిన్న ప్రైవేటు ఆసుపత్రికి రూఢియైనది. అట్టి నివాసములు వేలకొలది గల అమెరికాలో 1987 నాటి చట్టము, క్రమశిక్షణకొఱకు గాని సిబ్బంది సౌకర్యముకొఱకు గాని నివాసులను త్రాడుతోనైనను మందుతోనైనను బంధింపరాదని నిషేధించినది. మందును త్రాటి ప్రక్కన పెట్టి చెప్పుటలోనే ఆ చట్టము చేసినవారి అనుభవము తెలియుచున్నది.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో నున్నది. జ్ఞాపకమును, దేశకాలముల ఎఱుకను తీవ్రముగ చెఱచు వికారములును అందలి నిర్వచనములో చేరియున్నవి. సమ్మతి అనగా నేమో ఆ చట్టము వివరముగ చెప్పినది. అది బలవంతము, బెదరింపు, మోసము, అయథార్థపు మాట లేకుండ ఇచ్చినదై యుండవలెను. చికిత్సవలని లాభము, అపాయము, దానికి బదులుగ చేయదగిన ఇతరోపాయములు తెలిపిన పిదప ఇచ్చినదై యుండవలెను. అదియు ఆ మనుష్యునికి అర్థమగు భాషలో, అర్థమగు రీతిలో తెలిపియుండవలెను. రోగియైనంత మాత్రమున నిర్ణయశక్తి లేనివాడని తలపరాదు; ఇతరులకు తప్పుగ తోచిన నిర్ణయము చేసినంత మాత్రమునను తలపరాదు. నిర్ణయమును తెలుపుటకు మాటయే కావలెనని లేదు. ముఖభావము, చేతిసైగ కూడ చాలునని చట్టము చెప్పుచున్నది. అట్లయిన, చెంచా దగ్గఱకు వచ్చినపుడు వృద్ధుడు పెదవులు బిగించి ముఖము త్రిప్పికొనుట కూడ ఒక మాటయే. దానికి కారణమేమో విచారింపక “మొండికేసినాడు” అని ఫైలులో వ్రాయుట విన్నమాటను విననట్లు నటించుటయగును.

అర్థమగు భాష అను నియమము భిలాయి వంటి ఊరిలో మిక్కిలి బరువైనది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి మొదలగు పరిశోధకులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటాడువారికి ఒక్క భాష వారికంటె సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగ ఈ వ్యాధి పొడసూపుచున్నదని 2013లో ప్రకటించిరి. రెండవ భాష కొంతకాలము మనిషిని కాపాడును. కాని వ్యాధి ముదిరినప్పుడు పలువురియందు, పెద్దయైన పిదప నేర్చినది ముందుగ జాఱిపోయి తల్లిఒడిలో నేర్చినది మిగులును. కర్మాగారమున దశాబ్దములకొలది హిందీ మాటాడినవాడు తుదకు శ్రీకాకుళపు పల్లె తెలుగులోనికి తిరిగి వచ్చును. చుట్టు నున్న ఆయాలు ఛత్తీస్‌గఢీ మాటాడుదురు, డాక్టరు హిందీ మాటాడును. “కడుపు నొప్పి” అని వృద్ధుడు పదిమాఱులు చెప్పును, ఎవరికిని తెలియదు, పదునొకండవ మాఱు అఱచును. ఆ అఱపు వ్యాధిలక్షణముగ లెక్కింపబడును. దానికి మాత్ర వచ్చును. మలబద్ధకము, మూత్రమార్గపు దోషము, పంటినొప్పి, చెవి వినబడకపోవుట మొదలగునవి డిమెన్షియా రోగుల అలజడికి సాధారణ కారణములని వైద్యులందఱు ఎఱిగినదే. కొలిమి చప్పుడులో జీవితము గడిపినవానికి చెవి మందగించుటలో వింతలేదు. తెలుగు తెలిసిన ఒక్క మనిషి ప్రతిదినము అరగంట ప్రక్కన కూర్చుండిన ఎన్ని మాత్రలు తప్పునో! బాలాజీ మందిరమునకు నిత్యము వచ్చు విశ్రాంత ఉద్యోగులలో ఈ పనికి యోగ్యులు తక్కువగ నుండరు.

తల్లిదండ్రుల తరఫున పిల్లలు, పిల్లల తరఫున తల్లిదండ్రులు సమ్మతి చెప్పుట మన కుటుంబములలో ఆచారము. న్యాయస్థానము దానికి హద్దు గీచినది. ఒక స్త్రీ పరీక్షకొఱకు మత్తులో నుండగా, బయట నున్న ఆమె తల్లి సంతకము తీసికొని వైద్యులు గర్భాశయమును తొలగించిరి. ప్రాణాపాయము లేనప్పుడు, మెలకువ వచ్చిన పిదప ఆమెనే అడుగవలసియుండగా తల్లి సమ్మతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మత్తు దిగువఱకు ఆగవచ్చునే, ఈ వృద్ధునికి మెలకువ ఎప్పుడు వచ్చునని ప్రశ్నింపవచ్చును. నిజమే, పూర్తి మెలకువ రాకపోవచ్చును. కాని డిమెన్షియాలో బుద్ధి దీపము ఆర్పినట్లు ఒక్కసారి ఆఱిపోదు. సాయంకాలము కలతపడువాడు ఉదయము పదిగంటలకు స్పష్టముగ నుండవచ్చును. బ్యాంకు కాగితము తెలియనివానికి “ఈ మాత్ర వేసికొన్న నిద్ర వచ్చును, నడక తూలవచ్చును, గుండెకు అపాయము కలుగవచ్చును, ఏమందురు?” అను ప్రశ్న తెలియవచ్చును. ఆ ఉదయపు వేళను కనిపెట్టుటయే వైద్యుని పని. సమ్మతి ఒకనాటి సంతకము కాదు; మోతాదు పెంచినప్పుడు, మందు మార్చినప్పుడు మఱల అడుగవలసినదే.

ఇక పెరుగన్నపు ముచ్చట. మాత్ర వద్దనిన వృద్ధునికి దానిని నూరి పెరుగన్నములో కలిపి పెట్టుట అనేక చోట్ల మామూలు. పసిబిడ్డకు చేదు మందును బెల్లములో పెట్టి ఇయ్యలేదా అని సమర్థింతురు. ముసలితనము రెండవ బాల్యమను సామెత వంటి మాటయు తోడు తెచ్చుకొందురు. ఈ పోలిక వినుటకు ఇంపుగ నున్నది, పరీక్షకు నిలువదు. బిడ్డకు ఇంకను తనదను అభిప్రాయము ఏర్పడలేదు. దానికి రాబోవు జీవితమును తల్లి కాపాడుచున్నది. వృద్ధునికి ఎనుబదియేండ్ల అభిప్రాయములు వెనుక నున్నవి. ఏది తినునో ఏది తినడో, దేనికి వెఱచునో దేనిని సహింపడో ఆ ఇంటివారందఱు ఎఱుగుదురు. వానిని బిడ్డ అనుట ఆ ఎనుబదియేండ్లను తుడిచివేయుట.

మఱియు అన్నము ఇతర వస్తువుల వంటిది కాదు. సమస్తము మఱచినవానికి కూడ చివరివఱకు మిగులు నమ్మకము అన్నము పెట్టు చేతిమీది నమ్మకము. డిమెన్షియాలో అన్నమున విషము కలుపుచున్నారను అనుమానము తఱచుగ కలుగును. నిజముగ కలిపినచో, నాలుకకు చేదు తగిలినచో, ఆ అనుమానము భ్రమ కాకపోయినది కదా! అటుపిమ్మట అతడు అన్నమే మానినచో తప్పెవరిది? కొన్ని మాత్రలను నూరినచో మందు ఒక్కసారిగ శరీరమున దిగి అపాయము తెచ్చుటయు కలదు. బ్రిటనులో ఇట్టి రహస్యపు మందును వైద్యుడు, ఔషధజ్ఞుడు, కుటుంబమువారు కలిసి చర్చించి, కారణము వ్రాసి, గడువు పెట్టి, ఇతరోపాయము లేనప్పుడే అనుమతింతురు. రక్తపు పోటు మాత్రయో, ప్రాణరక్షకమైన మఱియొకటియో అయినచో అట్టి నిర్ణయమునకు తావుండవచ్చును. నడచువానిని కూర్చుండబెట్టుటకు ఇచ్చు మాత్రను అన్నములో దాచుటకు మాత్రము ఏ సమర్థనయు కనబడదు.

వేదాంతము చదివినవారినుండి ఒక విచిత్రమైన వాదము వినవచ్చుట కలదు. ఆత్మ నిర్వికారము, బుద్ధి, మనస్సు జడములు, జడమునకు జడమైన మాత్ర పడిన నష్టమేమి? ఇది సిద్ధాంతమును సోమరితనమునకు కావలి పెట్టుట. ఆత్మకు మాత్ర అంటదు, నిజమే, ఆకలియు అంటదు. అంతమాత్రమున అతిథికి అన్నము పెట్టక పంపుమని ఏ శాస్త్రమును చెప్పలేదు. వేదాంతము నుండి గ్రహింపదగినది దీనికి విరుద్ధముగ నున్నది. గాఢనిద్రలో ఎవరికిని తన పేరు తెలియదు, ఊరు తెలియదు, ఆలుబిడ్డలు తెలియరు. ఆ వేళ మనిషి లేకపోయినాడని ఎవ్వరు ననరు. నిద్రించువాని వేలిముద్ర తీసికొని ఇల్లు వ్రాయించుకొన్నచో దానిని దొంగతనమనియే అందురు. జ్ఞాపకము పోయినంత మాత్రమున మనిషి పోలేదనుట ఉపనిషత్తులు ముఖ్యముగ విచారించిన విషయము. ఆ విచారమును గౌరవించువారు మఱపు వచ్చిన తండ్రిని లేనివానిగ చూడలేరు.

శ్రవణకుమారుని కథ పిల్లల కర్తవ్యమునకు ఉదాహరణముగ చెప్పుచుందురు. కావడి మోసినాడని స్తుతింతురు. కావడి ఎచటికి పోయినదో అంతగ ఆలోచింపరు. అది గ్రుడ్డివారైన తలిదండ్రులు కోరిన తీర్థములకు పోయినది. మోయువానికి దగ్గఱైన చోటికి పోలేదు. వారి తరఫున నిలుచువానికి చట్టము నామినేటెడ్ ప్రతినిధి అని పేరు పెట్టి ఇదే మాట చెప్పుచున్నది. అతడు రోగియొక్క ఇప్పటి కోరికలు, పూర్వపు కోరికలు, జీవితచరిత్ర, విలువలు, సంస్కృతి చూడవలెను. రోగికి ఎంత తెలిసిన అంతమేరకు వాని అభిప్రాయమునకు ప్రత్యేకమైన విలువ ఇయ్యవలెను. “నాకేమి సౌకర్యము?” అనునది అతడు అడుగదగిన ప్రశ్న కాదు, “నాన్నగారు ఉన్నచో ఏమందురు?” అనునదే ప్రశ్న. ఆయన ఉన్నారు కూడ. ఎదుట కుర్చీలోనే ఉన్నారు.

ఇచట ఒక నిజమైన కష్టము కలదు. పూర్వపు కోరికయు ఇప్పటి కోరికయు విరోధించినపుడు ఎవరి మాట వినవలెను? తుదివఱకు తెలివితో జపము చేసికొనవలెను, మత్తు మందులు ముట్టనని ఒకడు ఆరోగ్యదశలో పలుమాఱులు చెప్పియుండెననుకొనుడు. ఇప్పుడు రాత్రులు గోడపై లేనివారిని చూచి వణకుచున్నాడు. దిక్కుతోచక చేతులు పట్టుకొని ఏడ్చుచున్నాడు. పాతమాటకు కట్టుబడి ఆ భయములో వానిని విడుచుట నిష్ఠయా, క్రూరత్వమా? క్రూరత్వమనియే చెప్పవలెను. ఆ మాట చెప్పిన నాడు ఈ భయమును అతడెఱుగడు. నేటి ఏడుపు కూడ అతని మాటయే. కాని అతడు భయపడక, బాధపడక, ఊరక వరండాలో నడచుచు డ్యూటీమాట చెప్పుచున్నంత మాత్రమే యైనచో పాతమాట చెల్లవలెను. బాధ అతనిదా, ఇతరులదా అను విచారణచే ఈ రెండింటికి భేదము తెలియును. అది సూక్ష్మమే, ఫోనులో తేలునది కాదు, ప్రక్కన కూర్చుండినవారికే తెలియును.

కావున ఈ మందులు ఎన్నడు ఇయ్యరాదనుటయు సరికాదు. తనకుగాని ఇతరులకుగాని గాయము కలుగునంతటి ఉద్రేకము, ప్రాణము తోడు భయము కలిగినప్పుడు, నొప్పి, రోగము, భాష, వెలుతురు, ఒంటరితనము మొదలగు కారణములను వెదకి సరిదిద్ది చూచిన పిదప వానికి చోటు కలదు. అప్పుడును అతి స్వల్పమైన మోతాదుతో ఆరంభింపవలెను. నాలుగు వారములు తగిన మోతాదులో ఇచ్చినను గుణము కనబడనిచో తగ్గించి మానవలెననియు, గుణము కనబడినను నాలుగు నెలలలోపల మాన్పించుటకు ప్రయత్నింపవలెననియు అమెరికా మనోవైద్యుల సంఘము 2016లో మార్గము చూపినది. మొదలుపెట్టిన తేదీ వ్రాయని చీటీ చాల అపాయకరమైనది. ఏలయన దానిని ఎవరును ముగింపరు. ఒక డాక్టరు పదిదినములకు వ్రాసినది, మఱియొక డాక్టరు పాత చీటీ చూచి కొనసాగించినది, మూడేండ్లు నడచును.

డ్యూటీకి పోవుదునను వృద్ధునికి మందుకంటె ముందు చేయదగినది కలదు. తాళము చూపకుండ, “షిఫ్టు మాఱినది బాబుగారూ, రేపు ఉదయము” అని తెలుగులో చెప్పి ఆవరణలో నాలుగు చుట్టులు త్రిప్పి తీసికొని వచ్చినచో కొందఱు పడుకొందురు. అది అసత్యము కాదా అని ధర్మశాస్త్రజ్ఞుడు ఆక్షేపింపవచ్చును. అసత్యమే యనుకొన్నను, అది అతని లోకములో అతనితో నడచుటకు చెప్పినది. అన్నములో దాచిన మాత్ర అతని శరీరమును అతనికి తెలియకుండ వశపఱచుకొనునది. రెండింటిని ఒకే త్రాసులో తూచుట తగదు. “ఆ రోజులలో నైట్‌షిఫ్టు ఎట్లుండెడిది?” అని అడిగి వినుటలో ఆ చిక్కును లేదు.

మేలైన ఉపాయము బుద్ధి నిలిచియున్నప్పుడే మాట వ్రాసి పెట్టుకొనుట. 2017 చట్టము మేజరైన ప్రతివ్యక్తికిని ముందస్తు ఆదేశపత్రము వ్రాయు హక్కు నిచ్చినది. మానసిక వ్యాధి కలిగినచో తనకు ఏ చికిత్స చేయవలెనో, ఏది చేయరాదో, తన తరఫున ఎవరు నిలువవలెనో అందు వ్రాయవచ్చును. ఉక్కునగరమున అరువదియైదేండ్లు వచ్చి, మొన్నటి పేర్లు జ్ఞాపకము రాక తడుముకొనువారికి దీనికి ఇంకను సమయము కలదు. పెండ్లి ఖర్చునకు, ఇంటి వీలునామాకు కుటుంబమంత కూర్చుండి మాటలాడునట్లే దీనికిని ఒక సాయంకాలము కూర్చుండవచ్చును. తెలుగు మాటాడువారు దగ్గఱ నుండవలెననియు, నిద్రమాత్రకు ముందు నొప్పి చూడవలెననియు, అన్నములో ఏదియు కలుపరాదనియు, మిక్కిలి భయపడినచో ఇంతవఱకు ఇయ్యవచ్చుననియు స్పష్టముగ వ్రాయవచ్చును. కొడుకు ఆ మాటలను తండ్రి నోటనుండి ఒకసారి విన్నచో, తరువాత ఫోనులో జవాబు చెప్పుట అతనికిని తేలికయగును. ఒకసారి వ్రాసినది శిలాశాసనము కాదు. బుద్ధి నిలిచియున్నంతకాలము దానిని ఎన్నిమాఱులైనను మార్చుకొనవచ్చును, రద్దు చేయవచ్చును.